ఆజ్ఞతో పాటు హద్దు కూడా

ప్రథమ దివ్యసత్ప్రసాదానికి సిద్ధమయ్యే పిల్లలకు పది ఆజ్ఞలూ నోటికి వస్తాయి. ఆ ఆజ్ఞలు తమను కాపాడడానికి కూడా ఉన్నాయని వాళ్లకు ఎవరు చెబుతున్నారు? సత్తెనపల్లి ప్రాంతపు కథోలిక ఇళ్లు ఈ తపస్సు కాలంలో తమను తాము అడగాల్సిన ప్రశ్న ఇది.

సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లలో మిరప కోతలూ తపస్సు కాలమూ ఒకేసారి వస్తాయి. విబూది బుధవారం నాటికి చేలల్లో కాయ ఎర్రబడి కోతలు ముమ్మరంగా ఉంటాయి. తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. క్యారేజీ సర్దుకుని వెళ్లిన అమ్మ మళ్లీ గడప తొక్కేది పొద్దుగూకాకే. నాన్న కల్లంలో కాయ ఎండబోసుకుని రాత్రిళ్లు కూడా అక్కడే కాపలా పడుకుంటాడు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు బడిలోనే అన్నం తిని మధ్యాహ్నమే ఇంటిదారి పడతారు. అప్పటి నుంచి సాయంత్రం దాకా వాళ్లు ఎవరి కళ్ల ముందు ఉంటారు? నాయనమ్మ ఉంటే అదృష్టం. లేకపోతే పక్కింటివాళ్లు, వరసకు మామయ్య అయ్యే కుర్రాడు, ట్యూషన్ చెప్పే అన్నయ్య, చర్చి ఆవరణలోని వేపచెట్టు నీడ.

చాలా విచారణల్లో ప్రథమ సత్ప్రసాదం తరగతులు జరిగేది కూడా ఈ ఎండాకాలంలోనే. మూడో తరగతో నాలుగో తరగతో చదివే పిల్లలు సిస్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి పరలోక జపం, మంగళవార్త జపం, పది ఆజ్ఞలు, శ్రీసభ కట్టడలు, పాపసంకీర్తనం చేసే పద్ధతి వరసగా ఒప్పజెబుతారు. ఒక్క మాట పోదు. తపస్సు కాలపు శుక్రవారం ఇంట్లో మాంసం కూర ఎందుకు వండరో వాళ్లకు తెలుసు. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదని తెలుసు. ఆదివారం పూజ ఎగ్గొడితే ఆ సంగతి ఫాదర్ గారి దగ్గర చెప్పుకోవాలనీ తెలుసు.

అదే పిల్లను కూర్చోబెట్టి, "ఎవరైనా పెద్దాయన నిన్ను ముట్టుకోకూడని చోట ముట్టుకుని, ఎవరికీ చెప్పొద్దన్నాడనుకో. అప్పుడేం చేస్తావు తల్లీ?" అని అడిగి చూడండి. చాలా ఇళ్లలో ఆ ప్రశ్నే పిల్లకు కొత్త.

నియమాలు నేర్పడం గుడి పని, భద్రత నేర్పడం బడి పని, ఏదైనా జరిగితే పోలీసుల పని అని మనం పంచేసుకున్నాం. పిల్లలు ఒంటరివాళ్లవుతున్నది ఈ పంపకం దగ్గరే అని నా నమ్మకం. విధేయత, రహస్యం, పాపం, పరిశుద్ధత అనే మాటలను పిల్లలు మొదట వినేది విశ్వాసం నేర్పే ఇంట్లో. పిల్లను లొంగదీసుకోవాలని చూసేవాడి నోట వచ్చేవీ ఈ మాటలే. "పెద్దవాణ్ని, చెప్పిన మాట విను." "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి." "తప్పు నువ్వు కూడా చేశావు." అందుకే ఆ మాటలు నేర్పిన చోటే వాటి హద్దు కూడా నేర్పాలి. ఆ హద్దులను కొత్తగా కనిపెట్టే పని లేదు. శ్రీసభ బోధనలోనే అవి ఉన్నాయి. మనం సగం పాఠం చెప్పి పుస్తకం మూసేస్తున్నాం.

ఇల్లు మోసిన విశ్వాసం

తెలుగు నేల మీద కథోలిక విశ్వాసం నిలబడింది ఇళ్ల పుణ్యాన. పద్దెనిమిదో శతాబ్దం తొలి ఏళ్లలో ఫ్రెంచి జెసూట్ గురువులు పుంగనూరు వైపు నుంచి కర్నాటక మిషన్ మొదలుపెట్టారు. 1773లో రోము జెసూట్ సభనే రద్దు చేసేసరికి ఇక్కడి విశ్వాసులకు గురువుల కరవు వచ్చిపడింది. ఎప్పుడో వచ్చే గురువు కోసం ఎదురుచూస్తూ, దీపం ముందు జపమాల చెప్పుకుంటూ, బిడ్డలకు నోటితోనే జపాలు నేర్పుకుంటూ ఆ కుటుంబాలు తరాలు నెట్టుకొచ్చాయి. 1875లో మిల్‌హిల్ గురువులు నెల్లూరు వచ్చారు. ఆ తర్వాత ఫిరంగిపురం ఈ ప్రాంతానికి పెద్ద దిక్కయింది. 1904లో జె.ఎం.జె. సిస్టర్లు హాలెండు నుంచి గుంటూరు చేరారు. 1940లో నెల్లూరు నుంచి విడిపోయి గుంటూరు మేత్రాసనం ఏర్పడింది. సత్తెనపల్లి 2022 ఏప్రిల్‌లో కొత్త పల్నాడు జిల్లాలోకి వెళ్లినా మేత్రాసనం లెక్కలో గుంటూరు కిందే ఉంది.

ఈ చరిత్రంతా చెప్పింది ఎందుకంటే, "మాకేం తెలుసు, ఫాదర్ గారు చూసుకుంటారు" అనే మాట మన ముత్తవ్వ నోట వచ్చే వీలు లేదు. చెప్పడానికి గురువే లేని రోజుల్లో అన్నీ ఆమే చెప్పింది. పల్లెల్లో ఉపదేశి వచ్చాక కూడా సాయంత్రపు జపం ఇంట్లోనే మొదలైంది. బిడ్డలకు విశ్వాసం నేర్పడంలో మొదటి బాధ్యత తల్లిదండ్రులదేనని శ్రీసభ చట్టం ఇప్పటికీ అంటుంది. మొదటి బాధ్యత ఇంటిదైనప్పుడు, ఆ పాఠంలో వదిలేసిన సగాన్ని పూరించాల్సింది కూడా ముందు ఇల్లే.

నాల్గవ ఆజ్ఞ ఎంతవరకు

తల్లిదండ్రులను గౌరవించమనే ఆజ్ఞ కథోలికుల లెక్కలో నాలుగోది. ఇదే వీధిలో ఉండే బాప్టిస్టు పిల్లకు అది ఐదోది. వరస ఏదైనా, పల్నాటి ఇళ్లలో అన్నిటికంటే గట్టిగా పాతుకున్న ఆజ్ఞ ఇదే. పెద్దల మాట చద్దిమూట అని మనకు ముందే ఉంది, దానికి దేవుడి ముద్ర కూడా పడింది. తల్లిదండ్రులతో మొదలైన ఈ విధేయత తాతకు, బాబాయికి, బడిలో సారుకు, హాస్టలు వార్డెనుకు, ఉపదేశికి, ఫాదర్ గారికి పాకుతుంది. ఎదురు చెప్పని పిల్ల మంచి పిల్ల.

ఈ ఆజ్ఞ గురించి శ్రీసభ అంతమాత్రమే చెప్పి ఊరుకోలేదు. రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో వెలువరించిన కథోలిక సత్యోపదేశ గ్రంథంలో 2217వ పేరా ఉంది. ఇంట్లో ఉన్నంత కాలం బిడ్డ తల్లిదండ్రుల మాట వినాలని చెప్పి, ఆ వెంటనే ఒక మినహాయింపు పెడుతుంది. ఫలానా ఆజ్ఞ పాటించడం తప్పు అని బిడ్డ మనస్సాక్షికి గట్టిగా తోస్తే దాన్ని పాటించకూడదు. కావాలంటే మానుకోవచ్చు అనడం లేదు, పాటించకూడదు అంటోంది. అదే గ్రంథం 2389వ పేరాలో, తమ సంరక్షణలో ఉన్న పిల్లల మీద పెద్దలు చేసే లైంగిక దురాగతాన్ని వావివరసలు తప్పిన పాపంతో జతచేసి, ఆ గాయం పిల్లలకు జీవితాంతం మిగులుతుందని హెచ్చరిస్తుంది. ఈ రెండు పేరాలూ ప్రథమ సత్ప్రసాదం పాఠాల్లో భాగం కావాలి. ఎనిమిదేళ్ల పిల్లకు పేరా నంబర్లతో పనిలేదు. అమ్మ మాటల్లో ఇంత చాలు:

"అమ్మా, దేవుడు పెద్దోళ్ల మాట వినమన్నాడుగా?"

"విను నాన్నా. అన్నం తినమంటే విను, చదువుకోమంటే విను. బట్టలిప్పమన్నా, ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎక్కడబడితే అక్కడ చెయ్యేసినా, అమ్మకు చెప్పొద్దన్నా మాత్రం వినకు. మామయ్యన్నా సరే, సారన్నా సరే, ఫాదర్ గారన్నా సరే. లేచొచ్చి నాకు చెప్పు."

"నువ్వు కొడితే?"

"కొట్టను. మరియమ్మ తల్లి పటం ముందు చెబుతున్నా, కొట్టను."

చివరి మాట అన్నిటికంటే ముఖ్యం. పిల్లలు దాచేది ఎక్కువగా మన కోపానికి భయపడే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక ఇచ్చింది. వాళ్లలో 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అలా చెప్పినవాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకం మీద పిల్లల్ని అప్పగించినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వేధింపులు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ముక్కూ మొహం తెలియని బూచివాడి గురించి మనం పిల్లల్ని భయపెడుతుంటాం. ప్రమాదం అక్కడొక్కచోటే లేదు, ఇంటికి వచ్చీపోయే మనిషి దగ్గరా ఉంది.

వరస, సరసం

మన వైపు దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. దీని గురించి ప్రసంగాల్లో ఎవరూ మాట్లాడరు. మేనమామ, మేనబావ అంటే వరసైనవాళ్లు. అయిదేళ్ల పిల్లను పట్టుకుని "మామయ్య పెళ్లాం" అని ఆటపట్టిస్తారు. బుగ్గ గిల్లుతారు, ఒళ్లోకి లాగుతారు, ముద్దు పెట్టందే వదలమంటారు. పిల్ల మొహం ముడుచుకుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లే నవ్వుతారు. మామయ్యల్లో నూటికి తొంభైతొమ్మిది మంది ఆ పిల్లను ప్రాణంగా చూసుకునేవాళ్లే. అందులో సందేహం లేదు. కానీ ఆ నవ్వుల మధ్య పిల్ల ఒక పాఠం నేర్చుకుంటుంది: తనకు ఇష్టం లేకపోయినా వరసైనవాడు ముట్టుకోవచ్చు, ఇంట్లో ఎవరూ అడ్డురారు. ఆ వరసను అడ్డం పెట్టుకునేవాడు ఎప్పుడైనా ఎదురైతే కాదనే మాట ఆ పిల్ల నోట రాదు.

కథోలిక వివాహ చట్టం మేనరికాన్ని పెళ్లికి అడ్డంకిగానే చూస్తుంది. మేనమామ మేనకోడళ్ల పెళ్లి నిషేధం, మేనబావతో పెళ్లికైనా బిషప్ గారి మినహాయింపు తెచ్చుకోవాల్సిందే. మరి శ్రీసభ అడ్డుచెప్పిన వరసతో పాలుతాగే పిల్ల దగ్గర సరసమెందుకు? పండక్కి వచ్చిన చుట్టానికి పిల్ల చేతులు జోడించి "స్తోత్రం మామయ్యా" అంటే చాలదా? ముద్దు ఇస్తావా లేదా అనేది ఆ పిల్ల ఇష్టానికి వదిలేయండి. మర్యాదకేమీ లోటు రాదు.

రహస్యం ఎవరిది

పాపసంకీర్తనం గురించి పిల్లలకు బాగా నాటుకునే మాట రహస్యం. ఫాదర్ గారు విన్నది ఎవరికీ చెప్పరు, ప్రాణం పోయినా చెప్పరు. నిజమే. ఆ ముద్ర విప్పిన గురువుకు వెలి శిక్ష దానంతటదే పడుతుంది. ఈ గౌరవం పిల్లలకు తెలియాలి. దానితో పాటు ఇంకో సగమూ తెలియాలి. ఆ కట్టు గురువుకే గాని, చెప్పుకున్న మనిషికి కాదు. పాపసంకీర్తనంలో తాను ఏం చెప్పిందో, ఫాదర్ గారు ఏమన్నారో పిల్ల అమ్మతో చెప్పుకోవచ్చు, ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. అందులో పాపం లేదు. అక్కడ జరిగింది ఇంట్లో చెబితే దేవుడు శిక్షిస్తాడని ఎవరైనా అంటే, వాళ్లు అబద్ధం చెబుతున్నారని పిల్లకు ముందే తెలిసి ఉండాలి.

పాపసంకీర్తన పీఠానికి మధ్యలో జాలీ ఎందుకుంటుందో పిల్లలకు చూపించి చెప్పండి. పదహారో శతాబ్దంలో మిలాన్ మేత్రాణులు పునీత చార్లెస్ బొర్రోమియో గురువుకూ పాపం చెప్పుకునేవారికీ మధ్య తెర ఉండాలని కట్టుదిట్టం చేశారు. అందరికీ కనబడే చోట జాలీ ఉన్న పీఠం ఉండాలని ఇప్పటి శ్రీసభ చట్టం కూడా అంటుంది. పాపసంకీర్తనాన్ని అడ్డుపెట్టుకుని పాపానికి ప్రేరేపించిన గురువుకు గురుత్వమే పోయేంత శిక్ష ఉంది. అంటే మనుషులు బలహీనులని శ్రీసభకు శతాబ్దాల కిందటే తెలుసు. తెలుసు గనుకే జాలీ పెట్టింది. మన పల్లె గుళ్లలో చాలా చోట్ల పీఠం ఉండదు, వరండాలో కుర్చీ వేసుకుని వింటారు. అదీ మంచిదే, నలుగురికీ కనబడుతుంది. మాటలు వినబడకూడదు, మనుషులు కనబడాలి. గదిలో తలుపు మూసి పిల్లల పాపసంకీర్తనం వినాల్సిన పని ఏ గురువుకూ లేదు.

ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. పుట్టినరోజుకు నాన్న తెచ్చిన గౌను సంగతి అక్కకు చెప్పకుండా దాచవచ్చు, అది రేపు అందరికీ తెలిసిపోయేదే. ఎప్పటికీ చెప్పొద్దన్న సంగతి, చెబితే అమ్మ చచ్చిపోతుందనో నాన్న జైలుకు పోతాడనో బెదిరించిన సంగతి మాత్రం ఆ రోజే చెప్పాలి.

మరియ గొరెట్టి కథలో మనం చెప్పని సగం

పరిశుద్ధత గురించి ఆడపిల్లలకు చెప్పేటప్పుడు మరియ గొరెట్టి పేరు రాకుండా ఉండదు. పదకొండేళ్ల ఇటలీ పిల్ల. 1902 జులైలో తన మీదకు వచ్చినవాడికి లొంగక కత్తిపోట్లకు గురై, మర్నాడు, జులై 6న, అతణ్ని క్షమించి కన్నుమూసింది. 1950లో పునీతగా ప్రకటించారు. ఆ రోజు రోములో ఆమె తల్లి అస్సుంత కూడా ఉంది. ప్రసంగాల్లో వినేది ఈ ముగింపే. దాని మొదలు మిరప కోతలకు వెళ్లే ప్రతి తల్లీ వినాలి.

గొరెట్టిలు సొంత భూమి లేని కౌలు కుటుంబం. తండ్రి మలేరియాతో పోయాడు. తల్లి బిడ్డల్ని సాకడానికి పొలం పనికి వెళ్లేది. ఇల్లు, వంట, చంటిపిల్ల మరియ మీద పడ్డాయి. అదే ఇంట్లో ఇంకో కుటుంబం వాటాకు ఉండేది. అందులోని ఇరవై ఏళ్ల కుర్రాడు అలెస్సాండ్రో. అంతకు ముందే ఆ పిల్లతో తప్పుగా ప్రవర్తించబోయి, అమ్మకు చెబితే చంపేస్తానని బెదిరించాడు. ఆ పిల్ల చెప్పలేదు. దాడి జరిగిన రోజు తక్కిన అందరూ పొలంలో నూర్పిళ్ల దగ్గర ఉన్నారు. మరియ మెట్ల మీద కూర్చుని బట్టలు కుట్టుకుంటూ చంటి చెల్లెల్ని చూసుకుంటోంది.

ఇల్లు, కాలం, పంట మారాయి గానీ కథ మన ఊరిదే. ఇందులో నేర్చుకోవలసింది పిల్ల ఎంత పోరాడిందన్నదొక్కటే అనుకుంటే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టు. మొదటిసారి బెదిరించిన రోజున ఆమె నోరు విప్పడానికి దారి ఉండుంటే ఏమయ్యేదన్నది మన ప్రశ్న కావాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ప్రాణం పోయినా లొంగకపోవడమే పరిశుద్ధత అని విన్న పిల్ల, తనకు అలాంటిది జరిగి భయంతో బిగుసుకుపోయినప్పుడు, తాను మరియ గొరెట్టిలా పోరాడలేదని, తనది పాపమని అనుకుంటుంది. పాపసంకీర్తనానికి వెళ్లి, వేరొకడు చేసిన నేరాన్ని తన పాపంగా ఒప్పుకుంటుంది. ఇంతకంటే గుండె మండే సంగతి నాకు మరొకటి కనబడదు.

దీనికి జవాబు శ్రీసభ పదహారు వందల ఏళ్ల కిందటే చెప్పింది. 410లో రోము నగరాన్ని కొల్లగొట్టినప్పుడు మానభంగానికి గురైన స్త్రీల గురించి పునీత అగుస్తీను తన 'దైవ నగరం' తొలి భాగంలోనే రాశారు. మనసు ఒప్పుకోనప్పుడు శరీరం మీద జరిగిన బలాత్కారం వాళ్ల పవిత్రతను తీసుకుపోలేదని ఆయన వాదన. చావైన పాపానికి మూడు ఉండాలని సత్యోపదేశంలో మనం నేర్చుకున్నదే: గొప్ప విషయం కావాలి, తెలిసి చేయాలి, ఒప్పుకుని చేయాలి. ఒప్పుకోలు లేని చోట పిల్లకు పాపం లేదు. ఈ ఒక్క వాక్యం ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా తరగతిలోనే చెప్పాలి: "నీకు ఎవరైనా చేసిన చెడ్డపని నీ పాపం కాదు. అది నువ్వు పాపసంకీర్తనంలో చెప్పుకోనక్కర్లేదు. అమ్మకు చెప్పుకోవాలి."

పిల్లలకు చెప్పడానికి కథ కావాలంటే సూసన్న ఉంది. దానియేలు గ్రంథం 13వ అధ్యాయం. ప్రొటెస్టంటు బైబిల్లో ఇది కనబడదు, కథోలిక బైబిల్లో ఉంది. తపస్సు కాలం అయిదో వారం సోమవారం నాటి పూజలో చదివేది ఇదే. ఊరి పెద్దలు, న్యాయాధిపతులు అయిన ఇద్దరు ముసలివాళ్లు స్నానానికి వచ్చిన సూసన్నను చాటుగా చూసి, లొంగకపోతే నింద వేస్తామంటారు. ఆమె కేకవేస్తుంది. పెద్దమనుషుల మాటే జనం నమ్ముతారు. చావు శిక్ష పడ్డ వేళ దానియేలు అనే కుర్రాడు లేచి, ఇద్దర్నీ విడివిడిగా ప్రశ్నించి అబద్ధం బయటపెడతాడు. పెద్దమనుషులు తప్పు చేయగలరు, కేకవేయడం తప్పు కాదు, చిన్నవాడి మాట వినాలి. మూడూ ఒక్క కథలో ఉన్నాయి. ఈ పఠనం రోజున ఎంతమంది పిల్లలు గుళ్లో ఉంటారు? బడికి పోతారు. కాబట్టి ఆ కథ రాత్రి జపమాల అయ్యాక ఇంట్లో చెప్పుకోవాలి.

నోరు తెరవడానికి మాటలు

పిల్ల బట్టలు లేకుండా కనబడితే మనం "షేమ్ షేమ్" అంటాం. ఒంట్లో ఆ భాగం గురించి పిల్ల మొదట వినే మాట అదే. రేపు అక్కడ ఎవరైనా ముట్టుకుంటే సిగ్గు తనదే అనుకోదా? స్నానం చేయించేటప్పుడు చెయ్యి, కాలు, పొట్ట అని చెప్పినట్టే ఆ భాగాలకు కూడా ఇంట్లో వాడే ఒక మాట నేర్పండి. ఏ మాటైనా పరవాలేదు, అందరికీ అర్థమైతే చాలు. మన దేహం పవిత్రాత్మకు ఆలయమని పౌలు కొరింతీయులకు రాసిన మాట ప్రసంగాల్లో యువతకు హెచ్చరికగా వినిపిస్తుంటుంది. చిన్నపిల్లకు దాన్ని ధైర్యంగా చెప్పాలి. గుళ్లోకి చెప్పులతో రానివ్వం, నీ ఒంటిని కూడా అలాగే చూసుకోవాలి అంటే పిల్లకు ఇట్టే తెలుస్తుంది.

మంచి స్పర్శ, చెడు స్పర్శ అని బళ్లలో ఇప్పుడు చెబుతున్నారు. మంచిదే. కానీ పసిపిల్లకు ఆ తేడా అన్నిసార్లూ తెలియదు. చక్కిలిగింతలుగా మొదలైంది ఎక్కడ మారిందో పెద్దవాళ్లకే పట్టదు. డాక్టరు ముట్టుకుంటే నొప్పి, అది చెడు స్పర్శా? చాక్లెట్ ఇచ్చి లాలించినవాడిది మంచి స్పర్శా? అందుకే స్పర్శ ఎలాంటిదని పిల్లను తేల్చమనడం కంటే, చెప్పొద్దన్నాడా లేదా అన్నది గుర్తుపెట్టుకోమనడం తేలిక. ఇప్పుడు దీనికి ఫోను కూడా తోడైంది. ఫొటో పంపమన్నవాడూ, పంపినది అందరికీ చూపిస్తానన్నవాడూ ఈ లెక్కలోకే వస్తారు.

అమ్మకు చెప్పలేని సంగతులుంటాయి. ఒక్కోసారి తప్పు చేసినవాడు అమ్మకు తమ్ముడో, భర్తో అవుతాడు. అప్పుడు ఎవరికి చెప్పాలి? కథోలిక ఇంట్లో ఇందుకు ఒక మనిషి ముందే ఉంది: జ్ఞానతల్లి. జ్ఞానస్నానం రోజున పిల్లను ఎత్తుకుని మాట ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఆ వరస క్రిస్మస్‌కు కొత్త బట్టలు పెట్టే వరకే మిగిలింది. ఆమెకు అసలు పని అప్పగించండి. "అమ్మకు చెప్పలేనిది ఏదైనా ఉంటే జ్ఞానమ్మకు చెప్పు" అని పిల్లకు చెప్పి, ఆమె ఫోను నంబరు పిల్ల నోటికి వచ్చేలా చూడండి. జ్ఞానతల్లిని ఎంచుకునేటప్పుడే ఆస్తి, హోదా కాకుండా ఈ గుణం చూడాలి.

మగపిల్లల్ని మరవకండి. పీఠ సేవకులు, బోర్డింగుల్లో చదువుకునే పిల్లలు, పండగ రోజుల్లో రాత్రిళ్లు గుళ్లోనే పడుకునేవాళ్లు ఎక్కువగా వాళ్లే. మగపిల్లవాడికి ఏమవుతుందిలే అన్న ధీమా 2007 నివేదిక చూశాక ఉండకూడదు. కోతల కాలానికి కర్నూలు వైపు నుంచి వచ్చి చేల పక్కన గుడారాలు వేసుకునే వలస కుటుంబాల పిల్లలు ఏ విచారణ రిజిస్టరులోనూ ఉండరు, ఏ సత్యోపదేశ తరగతికీ రారు. చేను యజమాని కథోలికుడైతే ఆ పిల్లల గురించి అడిగే మొదటి మనిషి అతనే కావాలి.

పరువు పేరుతో జరిగేది

పిల్ల చెప్పింది. తర్వాత? మన ఊళ్లలో సంగతి ముందు పెద్దమనుషుల దగ్గరకు వెళుతుంది. సంఘ పెద్దలు కూర్చుంటారు. ఇరువైపులా పరువు, పెళ్లి కావాల్సిన పిల్ల, గుడికి చెడ్డపేరు అంటూ డబ్బు మాట్లాడి ముగిస్తారు. ఇది పాపమే కాదు, నేరం కూడా. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు ఎవరి మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసినా పోలీసులకు చెప్పి తీరాలి. ఇది ఇష్టాన్ని బట్టి చేసేది కాదు. తెలిసి చెప్పనివారికి ఆరు నెలల దాకా, ఒక సంస్థను నడుపుతూ తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచినవారికి ఏడాది దాకా జైలు. నేరం చేసినవాడు మత సంస్థకో విద్యా సంస్థకో చెందినవాడైతే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు ఉండదు. పిల్ల మాట తర్వాత నిజం కాదని తేలినా పిల్లకు శిక్ష ఉండదు.

గుడి మంచిపేరు కోసం కుటుంబం ఎంత దూరం పోతుందో కేరళలోని కొట్టియూరు చెప్పింది. అక్కడి విచారణ గురువు మైనరు బాలికను గర్భవతిని చేసిన కేసులో మొదట బాలిక తండ్రే నేరం తన మీద వేసుకున్నాడు. 2019 ఫిబ్రవరిలో తలశ్శేరి పోక్సో కోర్టు ఆ గురువుకు 20 ఏళ్ల శిక్ష వేసింది. ఆ తర్వాత రోము ఆయన గురుత్వం తీసేసింది. 2021లో హైకోర్టు శిక్షను పదేళ్లకు తగ్గించింది. ఒక తండ్రి తన బిడ్డ విషయంలో అలాంటి నింద నెత్తిన వేసుకోవడానికి సిద్ధపడ్డాడంటే, గురువు మీద మాట రానివ్వకూడదన్న భయం ఆ ఇంట్లో ఎంత లోతుగా దిగిందో ఊహించండి. గురువును గౌరవించమని శ్రీసభ చెప్పింది, కాపాడమని కాదు. ఫ్రాన్సిస్ పోపుగారు 2019 మేలో వెలువరించి, 2023లో శాశ్వతం చేసిన 'వోస్ ఎస్తిస్ లూక్స్ ముందీ' శాసనం ప్రకారం ఇలాంటి సంగతి తెలిసిన గురువులు, మఠవాసులు శ్రీసభ అధికారులకు తెలియజేయాలి. దేశ చట్టం ప్రకారం చేయాల్సినదానికి అది అడ్డం రాదనీ ఆ శాసనమే చెబుతుంది. చిన్నవాళ్లను పాపంలోకి లాగేవాడి మెడకు తిరగలి రాయి కట్టి సముద్రంలో పడేయడం మేలన్నంత కోపంగా క్రీస్తు మాట్లాడింది ఈ సంగతిలోనే.

మన దగ్గర మంచి కూడా ఉంది. విజయవాడలో సలేషియన్ గురువులు 1989లో మొదలుపెట్టిన నవజీవన్ బాలభవన్ రైల్వే స్టేషన్లలో తిరిగే, ఇంటి నుంచి పారిపోయిన పిల్లలను చేరదీస్తోంది. ఇంట్లో ఏదో భరించలేకే చాలామంది పిల్లలు రైలెక్కుతారు. శ్రీసభ చేతులు ఆ చివర పట్టుకుంటున్నాయి. ఈ చివర కూడా పట్టుకోవాలి.

పిల్ల నోరు విప్పిన మొదటి గంటలో చేయాల్సినవి కొన్నే. నమ్మండి. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అనకండి. అడిగిందే పదిసార్లు అడగకండి, ఆ పని చేయాల్సినవాళ్లు వేరే ఉన్నారు. జరిగింది ఇప్పుడే అయితే స్నానం చేయించకండి, ఆ బట్టలు ఉతకకండి. 1098కి ఫోను చేస్తే పగలూ రాత్రీ ఎత్తుతారు. 112 కూడా పనిచేస్తుంది. ఫలానా స్టేషనుకే పోవాలని లేదు, ఏ పోలీసు స్టేషన్లోనైనా కేసు రాసుకోవాలి. పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, తీసుకునే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు మహిళా ఎస్సై అయి ఉండాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. ఆడపిల్లను పరీక్షించేది లేడీ డాక్టరు, అమ్మో పిల్ల నమ్మిన మనిషో పక్కనుండగా. కాగితాలు తెస్తేనే వైద్యం చేస్తామని ఆసుపత్రి అనకూడదు. పిల్ల పేరు, ఊరు, బడి పేపర్లో రాకూడదు.

ప్రథమ సత్ప్రసాదానికి ముందు చాలా విచారణల్లో తల్లిదండ్రులతో ఒక సమావేశం పెడతారు. తెల్ల గౌన్లు, కొవ్వొత్తులు, ఫొటోలు, ఖర్చుల మాటలతోనే అది ముగిసిపోతుంది. ఈ ఏడు ఆ సమావేశంలో ఒక అరగంట దీనికి ఇవ్వమని ఫాదర్ గారిని అడగండి. సిస్టర్లలో నర్సులున్నారు, టీచర్లున్నారు, వాళ్లే మాట్లాడవచ్చు. తరగతి జరిగేటప్పుడు తలుపులు తెరిచి ఉండాలని, ఒక పిల్లతో ఒక పెద్ద మనిషి ఒంటరిగా ఉండకూడదని, పీఠ సేవకులను చీకటి పడ్డాక ఎవరు ఇంటికి చేరుస్తారో ముందే తేల్చాలని అక్కడే అనుకోండి. పిల్లలకు జపాల పరీక్ష పెట్టేటప్పుడు మూడు ప్రశ్నలు కలపండి: ఏ మాట వినకూడదు, ఏ సంగతి దాచకూడదు, ఎవరికి చెప్పాలి. సమావేశం ఆదివారం రెండో పూజ అయిన వెంటనే పెట్టాలి. కోతలకు వెళ్లే తల్లులకు కాస్త తీరిక దొరికేది ఆ పూటే.